ఏక్ దామ్ బోర్డు

5 ఆగస్టు 1979

గురులింగప్ప ఈరోజు నాకు చాయ్ తెప్పించాడు. పైన మలాయి వేయించి మరీ. నా భార్య తమ్ముడు మలాయి చాయ్ తెప్పించాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. చాలా ఏళ్ల కింద, బట్టల దుకాణంలో తనకూ వాటా కావాలని అడిగిన రోజు కూడా ఇట్లాగే తెప్పించాడు. అప్పుడు వాటా ఇచ్చాను. ఇప్పుడు దుకాణం వాడిది, వాటా నాది.

"బావా, నువ్వు చదువుకున్నోనివి. జహీరాబాద్ మొత్తంల నువ్వు చదివినన్ని పుస్తకాలు తిరగేసినోడు లేడు. దీపావళి లక్ష్మీపూజకు అందరికి ఒక్కటే ధర అని మా పిల్లగాడు ఇంద్రసేన ఏక్ దామ్ పెట్టి ఏడాది అయితది. దాంతోని ఫాయిద ఉన్నదా లేదా, నువ్వే చూసి చెప్పాలె. నువ్వు లేదంటే మల్ల పాత పద్ధతి. గద్దె నీదే."

"ఉన్నదంటే?"

"ఉన్నదంటే ఇగ నీకు రోజు వచ్చుడు తక్లీఫ్ ఎందుకు? ఇంట్ల కూసోని చదువుకో. మా అక్క సంతోషపడతది."

వాళ్ల అక్క సంతోషపడదు. నేను పగటిపూట ఇంట్లో ఉంటే ఆమెకు తలనొప్పి వస్తుంది.

కాబట్టి సంగతి ఇది. దీపావళికి నేను తీర్పు చెప్పాలి. ఏక్ దామ్ పనికిరాలేదంటే గద్దె మీద పరుపు నాది. పనికొచ్చిందంటే ఇప్పుడు నాకు మిగిలిన గుమ్మం పక్క కుర్చీ కూడా పోతుంది. ఇందులో నాకు లాభనష్టాలు ఉన్నాయి కనుక తీర్పరిగా పనికిరానని ఎవరైనా అనవచ్చు. నేను అట్లాంటి మనిషిని కాను. ఇంద్రసేన మీద నాకు కక్ష లేదు. ఇది ముందే రాసి పెట్టుకుంటున్నాను.

6 ఆగస్టు

కక్ష నిజంగానే లేదు.

8 ఆగస్టు

గురులింగప్ప కొడుకు ఇంద్రసేన హైదరాబాద్‌లో బి.కాం. చదివి వచ్చి మొదటి రోజే నా నోరు మూయించాడు. "మామా, బేరం అంటే అబద్ధం. పన్నెండు చెప్పి ఏడుకు ఇస్తే, ఆ మిగతా ఐదు ఎక్కడినుంచి వచ్చినట్టు?" అన్నాడు. ప్రతి తానుకు ఒక చీటీ కుట్టించాడు. చీటీ మీద ఒక ధర. పటేలుకైనా పాలేరుకైనా అదే. గుమ్మం మీద ఏక్ దామ్ అని బోర్డు కట్టించాడు. టైము మిగులుతుంది, జనానికి నమ్మకం కుదురుతుంది, గిరాకీ పెరుగుతుంది అన్నాడు. మూడు మాటలు. ఈ మూడూ జరిగాయా లేదా అన్నది చూస్తే చాలు. చిన్న పని.

బేరం అబద్ధం కాదని ఆ పిల్లగాడికి ఎవరు చెప్పాలి? ఒక ఆడమనిషి వస్తుంది. చీర అంచు వేళ్ల మధ్య నలుపుతుంది. ధర చెప్తాను, ఆమె నవ్వుతుంది. ఆమె చెప్తుంది, నేను నవ్వుతాను. వానలు, పిల్లలు, కోడలి కాన్పు అన్నీ మాట్లాడుకుంటాం. చివరికి "నీది కాదు, నాది కాదు" అని మధ్యలో ఒక ధర దగ్గర ఆగుతాం. ఆ మధ్య ధర మా ఇద్దరిదీ. చీటీ మీది ధర ఎవరిది? కుట్టినవాడిది.

ఇది చాలా మంచి వాదం. దీపావళినాడు ఇట్లాగే చెప్పాలి.

12 ఆగస్టు

అంగడి రోజు. కుర్చీలో కూర్చుని పొద్దంతా గమనించాను.

టైము ఏమీ మిగలలేదు. ఒకామె లంగా గుడ్డ తీసుకుంది. ధర అడిగింది, ఇంద్రసేన చీటీ చూపించాడు. "సరే, ధర ఒక్కటే అయితే కానియ్. జానెడు ఎక్కువ కొయ్యి" అంది. వాడు వద్దన్నాడు. ఆమె బెత్తెడన్నా కొయ్యమంది. వాడు నియమం గురించి చెప్పాడు. ఆమె తన మరిది గురించి చెప్పింది. చివరికి నాలుగు వేళ్లు ఎక్కువ కోశాడు. ధరలోంచి తోలేసిన బేరం గజంకట్టెలోకి వచ్చి కూర్చుంది!

ఇంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదు. ఇంటికి వచ్చి నా భార్య లక్ష్మమ్మకు చెప్పాను.

"నాలుగు వేళ్ల గుడ్డకు గంత ఖుషీనా? తినున్రి, సల్లారుతున్నది" అంది.

19 ఆగస్టు

ఝరాసంగం పటేలు వచ్చాడు. రెండు జతల మల్లు పంచెలు తీశాడు. చీటీ చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"నాకు గూడ గిదేనా?"

"అందరికీ ఇదే పటేలా" అన్నాడు ఇంద్రసేన, చాలా వినయంగా.

"మొన్న నా జీతగాడు గూడ గిదే పెట్టి కొన్నడు. వానికీ నాకూ ఒక్కటే ధరనా?"

"ఒక్కటే."

"మరి నేను పటేల్నెందుకు అయినట్టు?"

పంచెలు అక్కడే పడేసి పోయాడు. నేను గుమ్మం దాకా వెంట వెళ్లి, దీపావళి దాకా ఆగమని మెల్లగా చెప్పాను. పెద్ద గిరాకీ పోయింది. ఇది ఏక్ దామ్ ఖాతాలో నష్టం.

పటేలు అడిగినదానికి మాత్రం చాలాసేపు నవ్వొచ్చింది. నవ్వు ఏ ఖాతాలో వేయాలో తెలియలేదు.

20 ఆగస్టు

లైబ్రరీ సెక్రటరీ నాకు ఒకసారికి రెండు పుస్తకాలే ఇస్తానన్నాడు. జన్మలో ఒకటి చదివినవాడు కాదు. ఈ ఊళ్లో చదివినవాడికి తాళం, చదవనివాడికి తాళంచెవి.

2 సెప్టెంబర్

బస్వమ్మ అనే ఒక కూలి మనిషి. మొగుడు లేడు. మా దుకాణానికి గత ఏడాదిగానే వస్తోంది. చీటీ అడిగి చదివించుకుంటుంది, కొంగు ముడి విప్పి పైసలిస్తుంది, పోతుంది. ఒక్క మాట ఎక్కువ ఉండదు. ఈరోజు ఆపి అడిగాను, ఇంతకు ముందు బట్టలు ఎక్కడ కొనేదానివని.

"ఏడ కొంటుంటి సావుకారి? మా వదినెను బతిమిలాడి పంపుతుంటి. ఆమెకు నోరున్నది."

"నువ్వే వస్తే ఏమాయె?"

"ఒక్కసారి వచ్చిన. నీ కాడికే వచ్చిన. నువ్వు ధర చెప్పినవు, నేను ఇచ్చి పోయిన. ఇంటికి పోయినంక వదినె నవ్వింది. గదే చీర ఆమె సగానికి తెచ్చుకున్నది, నీ కాడనే."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు.

"తప్పు నీది కాదు లే సావుకారి. నోరున్నోల్లకు తక్వ, నోరు లేనోల్లకు ఎక్వ. గంతే గద బేరమంటే."

కోపంగా అనలేదు. వాన పడుతుంది అన్నట్టు అంది. కోపంగా అంటే జవాబు చెప్పేవాణ్ణి.

3 సెప్టెంబర్

ఒక్క మనిషి చెప్పింది సాక్ష్యం కాదు.

4 సెప్టెంబర్

పటేలు కూడా ఒక్క మనిషే. ఈ లెక్కన వాడి సాక్ష్యం కూడా తీసేయాలి. తీసేయను. పటేలు రెండు జతలు కొనేవాడు.

అంటే సాక్ష్యాన్ని గజంకట్టెతో కొలుస్తున్నానా? ఈరోజు తల సరిగ్గా పనిచేయడం లేదు.

9 సెప్టెంబర్

చివరికి గట్టి సంగతి దొరికింది. ఇన్ని రోజులు వచ్చినవాళ్లను చూస్తున్నాను. రానివాళ్లను చూడాలి.

మొగుడంపల్లి ఊరివాళ్లు ఒక్కరూ రావడం లేదు. హనుమమ్మ రావడం లేదు. ఆమె వస్తే వెనక పదిమంది వచ్చేవాళ్లు. ఆమెకు నేను చెప్పిన ధరల్లో ఒక్కటి కూడా నిలబడలేదు. ఒక దుప్పటి మీద పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా నాతో బేరం చేసి, మధ్యలో మా ఇంటికి పోయి లక్ష్మమ్మ చేతి మజ్జిగ తాగి, మళ్లీ వచ్చి ఆపిన దగ్గర మొదలుపెట్టిన మనిషి. అట్లాంటి హనుమమ్మకు చీటీ చూపిస్తే ఎందుకు వస్తుంది? ఏక్ దామ్ ఆమె ముఖం మీద తలుపు వేసింది. ఆమె నోటితోనే ఆ మాట చెప్పించుకుని వస్తే, ఇక ఇంద్రసేన దగ్గర జవాబు ఉండదు.

ఇంద్రసేన ఈ సాయంత్రం నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మామా, దీపావళికి ఏం చెప్పబోతున్నరో నేను అడగను. కాని కాదంటే హైదరాబాద్‌ల ఒక కంపెనీల లెక్కల పని ఉన్నది, పోత. ఈ గద్దె మీద కూసోని మనిషికో ధర చెప్పుడు నాతోని కాదు" అన్నాడు.

బెదిరింపు. అయినా నా తీర్పు మీద దీని ప్రభావం ఉండదు.

16 సెప్టెంబర్

మొగుడంపల్లి పోయి వచ్చాను. చిరాగ్‌పల్లి దగ్గర బస్సు దిగి, అక్కణ్ణుంచి ఎవరిదో బండి. నడుము పోయింది. అంతా వరసగా రాస్తాను, తర్వాత గందరగోళం కాకుండా. ఇప్పటికే అయింది.

హనుమమ్మ వాకిట్లో పెసలు చెరుగుతోంది. నన్ను చూసి చాట ఆపలేదు.

"ఎవలు, సావుకారివా? తొవ్వ తప్పినవా ఏంది?"

"గాలికి తిరుగుదామని వచ్చిన."

"మొగుడంపల్లి గాలి మంచిగుంటదని పేపర్ల రాసిన్రా?"

నులక మంచం వేసింది. నీళ్లిచ్చింది. పెసర పొట్టంతా నా మీదికే చెరిగింది. కావాలనే.

"ఏడాది సంది దుకాణం మొఖాన రాకపోతివి హనుమమ్మా. బేరం లేదని కోపమా?"

"బేరం లేదా? గదెప్పటి సంది?"

"ఏక్ దామ్ పెట్టినం గద."

అప్పుడు చాట ఆపింది. "గదే గద! ఏక్ దం పెట్టిన్రు. ఏక్ దం అన్ని పైసలు తెచ్చి పెట్టాలంటే మా కాడ ఏడుంటయి? పెసలు అమ్మినంక కొంత, కందులు అమ్మినంక కొంత. నీ కాడ గట్లనే ఇచ్చుకుంట వచ్చినం. ఒక్కసారన్న ఎగ్గొట్టినమా? ఉద్దెర బంద్ చేస్తే చేసుకోన్రి. మొఖం మీద చెప్పాలె. బోర్డు రాసి కడ్తరా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఉద్దెర ఎవరూ బంద్ చేయలేదు, అరువు ఎప్పటిలాగే ఉందన్నాను.

"మరి బోర్డు మీద ఏం రాసిన్రు? మా తమ్ముని బిడ్డ చదివింది. పెద్ద బడికి పోతది, అచ్చరం తప్పు చదవదు. ఏక్ దం అని ఉన్నదట. ఏక్ దం అంటే ఒక్కతీరుగ, ఒక్కసారే, అప్పటికప్పుడు. మాకు తెల్వదా? ఊరంత చెప్పింది. అందరం బీదర్ పోతున్నం. ఆడ కన్నడంల గూడ ఉద్దెర ఇస్తరు."

"అది దం కాదు హనుమమ్మా, దామ్. దామ్ అంటే ధర. అందరికీ ఒక్కటే ధర అని."

"ఏం ఫరకు?"

"ఒక దీర్ఘం ఫరకు."

ఆమె నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. పక్కింటి ఆవిణ్ణి పిలిచి చెప్పి మళ్లీ నవ్వింది. "ఒక్క దీర్ఘం లేక ఊరు ఊరే బీదర్ తొవ్వ పట్టింది. నువ్వు ఏడాది సంది గుమ్మంల కూసుంటివి. రోజు ఆ బోర్డు కిందికెల్లి పోతవు. గన్ని పుస్తకాలు చదివినవు, గది చదవలేదా సావుకారి?"

చదవలేదు. బోర్డు మీద పైన ఉర్దూలో ఉంటుంది, కింద తెలుగులో. నిజాం బళ్లో చదివిన కళ్లు నావి, ఉర్దూ మీదికే పోతాయి. ఉర్దూలో సరిగ్గానే ఉంది.

"అయితే ఉద్దెర ఉన్నట్టేనా?"

"ఉన్నది."

"నీ మాటనా?"

"నా మాట."

"చిన్నోని లగ్గం పెట్టుకున్నం, దీపావళి అయినంక. బట్టలకు నీ కాడికే వస్త. మరి బేరం?"

బేరం కూడా ఉంటుందన్నాను. ఎందుకన్నానో తెలియదు. దీపావళి ఇంకా రాలేదు.

17 సెప్టెంబర్

పొద్దున్నే పోయి బోర్డు చూశాను. ఏక్ దం. బీదర్ పెయింటర్ రాశాడు, వాడికి వచ్చిన తెలుగు అంతే. ఇంద్రసేన ఇంగ్లీషులో చదివాడు, వాడు చూడలేదు. గురులింగప్ప అక్షరాలు చూడడు, అంకెలు చూస్తాడు.

18 సెప్టెంబర్

ఇప్పుడు ఏమైనట్టు?

22 సెప్టెంబర్

మెల్లగా ఆలోచిద్దాం. రానివాళ్లు చీటీ ధర నచ్చక రావడం లేదనుకున్నాను. కాదు. వాళ్లు చీటీ సంగతే వినలేదు. ఉద్దెర పోయిందనుకుని పోయారు. కనుక వాళ్లు పోవడం ఏక్ దామ్ తప్పు కాదు. కాని ఏక్ దామ్ పెట్టకపోతే బోర్డు లేదు, బోర్డు లేకపోతే వాళ్లు పోయేవాళ్లు కాదు. కనుక ఏక్ దామ్ తప్పే.

బస్వమ్మ లాంటివాళ్లు చీటీ వల్లే వచ్చారు. ఇది నిజంగా ఏక్ దామ్ వల్లే. కాని వచ్చినవాళ్లు తక్కువ, పోయినవాళ్లు ఎక్కువ. పోయినవాళ్లు పోకపోయి ఉంటే, వచ్చినవాళ్లతో కలిపి గిరాకీ పెరిగినట్టే కదా? అంటే ఇంద్రసేన చెప్పింది నిజమే. కాని పోయారు.

ఒక మందు ఇచ్చారు. సీసా మీద వేరే పేరు రాసి ఉంది. రోగి ఆ పేరు చూసి పథ్యం మార్చుకున్నాడు. ఇప్పుడు మందు పనిచేసిందా అని అడుగుతున్నారు. ఏ వైద్యుడు చెప్తాడు? మందు ఇంకా పరీక్షకే రాలేదు.

అసలు గురులింగప్ప ఫాయిద అని ఊరుకున్నాడు. ఎవరికి ఫాయిద అని నేను ఆరోజే అడగాల్సింది. మలాయి చాయ్ తాగుతూ మరిచిపోయాను.

దసరా

జమ్మి ఆకు చేతిలో పెట్టి ఇంద్రసేన నా కాళ్లకు మొక్కాడు. చిరంజీవ అన్నాను. నోరు దానంతట అది అంటుంది.

10 అక్టోబర్

నిర్ణయం అయింది. దీర్ఘం సంగతి చెప్పను.

మొగుడంపల్లి వాళ్లు రావడం మానేశారు. ఇది నిజం. ఏక్ దామ్ పెట్టాకే మానేశారు. ఇది కూడా నిజం. రెండు నిజాలు పక్కపక్కన పెడితే అబద్ధం ఎట్లా అవుతుంది? చూసి చెప్పమన్నారు, చూసింది చెప్తాను. కారణాలు చెప్పమని ఎవరూ అడగలేదు. గద్దె మీద కూర్చున్న తర్వాత నేనే పెయింటర్‌ను పిలిచి బోర్డు తీయించేస్తాను. హనుమమ్మకు ఉద్దెరా దొరుకుతుంది, బేరమూ దొరుకుతుంది. అందరికీ మంచిదే.

బస్వమ్మ సంగతి ఆలోచించాలి. ఆమె వచ్చినప్పుడు నేనే తక్కువ ధర చెప్పవచ్చు.

లక్ష్మమ్మను అడిగాను, నోరు లేనివాళ్లకు నేను ఎక్కువ చెప్పేవాణ్ణా అని. "మీరు నోరున్నోల్లకే ఎక్వ చెప్పేటోళ్లు, లేనోల్లకు ఇంకింత ఎక్వ" అంది. ఆమె ఎప్పుడూ దుకాణానికి రాలేదు. ఎట్లా తెలుసు?

దీపావళి మర్నాడు

చెప్పేశాను.

పూజ అయింది, పేడాలు పంచారు. గురులింగప్ప గద్దె మీద, నేను, ఇంద్రసేన కింద. "చెప్పు బావా" అన్నాడు. నేను అనుకున్నట్టే మొదలుపెట్టాను. పటేలు సంగతి చెప్పాను, మొగుడంపల్లి సంగతి చెప్పాను, రెండు నిజాలూ పక్కపక్కన పెట్టాను. గురులింగప్ప తల ఊపుతున్నాడు. అంతా అయిపోయింది. పేడా తిని ఇంటికి రావాల్సింది.

అప్పుడు ఇంద్రసేన అన్నాడు: "మామ మంచిగనే చూసిన్రు. కాని మామ చదువు పాతది నాయినా. కతలు, పురాణాలు. జనం ఎందుకు వస్తరు ఎందుకు పోతరు అని లెక్క తీసే చదువు వేరే ఉంటది."

పాత చదువు!

నేను లేచి నిలబడ్డానట. "నీ కొత్త చదువుకు దీర్ఘం రాదు! ఏడాది సంది నీ నెత్తి మీద తప్పు వేలాడుతుంటే చదవరాలేదు, జనం లెక్క తీస్తవా!" అని చెయ్యి పట్టి బయటికి లాక్కుపోయాను. తండ్రీ కొడుకులిద్దరికీ బోర్డు చూపించి, దం అంటే ఏమిటో, దామ్ అంటే ఏమిటో, మొగుడంపల్లిలో ఏం చదివారో అంతా చెప్పాను. చాలా బాగా చెప్పాను. చెప్పడం అయ్యాక తెలిసింది ఏం చెప్పానో.

ఇంద్రసేన ముఖం ముందు పాలిపోయింది, తర్వాత వెలిగింది. "అంటే మామా, వాళ్లు ధరకు పోలేదు! బోర్డు సరి చేస్తే..."

గురులింగప్ప పొట్ట పట్టుకుని నవ్వుతున్నవాడు ఠక్కున ఆపాడు. "ఆగున్రి, ఆగున్రి. అంటే ఏడాది సంది మనం ఉద్దెర బంద్ చేసినమన్నట్టు."

"మనం చేయలేదు. వాళ్లు అనుకున్నరు."

"ఎట్లయితే ఏంది? ఉద్దెర పైసల వసూలుకు ఈ ఏడు నేను ఒక్క ఊరికి పోలె. ఒక్కని ఇంటి ముంగట నిలబడలె. గిరాకి జర తగ్గితే తగ్గింది, దుకాణం ఆగిందా? గిదే గద నేను ఎతుక్కుంటున్న ఫాయిద! ఇయ్యాల్టి సంది అసలుకే ఉద్దెర బంద్. బోర్డు గట్లనే ఉండనియ్యి. దీర్ఘం పెడితే చెయ్యి ఇరుగుతది."

"నాయినా, నేను పెట్టింది అందరికీ ఒక్క ధర అని."

"ఉద్దెర లేకుంటె అయిపాయె, ధర ఒక్కటయితే ఏంది, పదయితే ఏంది? నీ చీటీలు నువ్వే తీసెయ్యి బిడ్డా. బావా, రేపటి సంది గద్దె నీది. బేరం చేసుకో. నీకు గదే గద కావాల్సింది?"

అదే.

ఇంద్రసేన చీటీలు మాత్రం తీయలేదు.

హనుమమ్మకు మాట ఇచ్చిన సంగతి గురులింగప్పతో ఎత్తలేదు. సందర్భం కాదు. ఆమె రాకపోవచ్చు కూడా. బీదర్ దగ్గరే.

24 అక్టోబర్

పరుపు మెత్తగా ఉంది. నడుముకు మంచిది.

ఇంద్రసేన గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంటున్నాడు. హైదరాబాద్ ఎప్పుడు పోతున్నావని అడుగుదామనుకుని అడగలేదు.

31 అక్టోబర్

హనుమమ్మ వచ్చింది. కాబోయే కోడలి తల్లితో, ఇంకో ఇద్దరితో. గద్దె మీద నన్ను చూసి "గిప్పుడు దుకాణం దుకాణం లెక్క ఉన్నది" అంది.

పెళ్లి చీర తీశాను. నేను ధర చెప్పాను, ఆమె నవ్వింది. ఆమె చెప్పింది, నేను నవ్వాను. లేచి పోతానంది, చెప్పులు వేసుకుంది, మళ్లీ వచ్చింది. "గీ పోగులు సూడు, మా పెసర పొట్టు నయం" అంది. "నీ కొడుకు పెండ్లా, నా దివాలానా?" అన్నాను. వియ్యపురాలు నోరు తెరిచి చూస్తోంది. దుకాణంలో ఉన్నవాళ్లంతా తమ పని ఆపి చూశారు. గురులింగప్ప కూడా గల్లాపెట్టె దగ్గర నుంచి నవ్వుతున్నాడు. నా జీవితంలో అంత మంచి బేరం చేయలేదు. చివరికి "నీది కాదు, నాది కాదు" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

మూట కట్టింది. "రాసుకో సావుకారి. కందులు అమ్మినంక" అంది.

గురులింగప్ప నా వైపు చూశాడు. నేను మూట వైపు చూశాను.

"ఉద్దెర లేదమ్మా. దీపావళి సంది బంద్" అన్నాడు వాడు.

ఆమె వాడి వైపు తిరగలేదు. "నీ మాట అన్నవు గద?"

నేను అన్నాను, నా వాటాలో రాయమని. గురులింగప్పకే చెప్పాను, గట్టిగానే. నా వాటా నా ఇష్టం. వాడు "రాస్త తియ్యి, నీదే పోతది" అన్నాడు.

"వద్దు" అంది హనుమమ్మ. "ఉద్దెర అంటే నా పంట మీద నీకున్న నమ్మకం. గిది దానం. దానం తీసుకోని కొడుకు లగ్గం చేస్తనా?"

మూట విప్పింది. చీర మడత పాడుకాకుండా పరుపు మీద పెట్టింది. పక్కనున్నవాళ్లను లేపింది.

"ఉద్దెర లేకుంటె ముందుగాలనే చెప్పాలె. మరి నాతోని గంత బేరం ఎందుకు చేయించినవు సావుకారి?"

పోయింది. బీదర్ బస్సు ఇంకా ఉంటుంది.

1 నవంబర్

నిన్నటిది పూర్తిగా రాయలేదు.

ఆమె పోయాక గద్దె ముందుకు ఒక కొత్త పెళ్లికూతురు, తల్లి వచ్చారు. ఎవరో తెలియదు. అదే చీర మీద చెయ్యి వేసి, ఎంత అని అడిగారు. నేను చీటీ తిప్పి చూసి, దాని మీద ఉన్నదే చెప్పాను.

తల్లి నవ్వి, సగం చెప్పింది. చెప్పాలి కదా.

నేను మళ్లీ అదే చెప్పాను.

"గింత పెద్దమనిషివి, ఒక్క రూపాయన్న తగ్గవా?"

"లేదమ్మా. ఎవరికైనా ఇదే."

గుమ్మం దగ్గర కుర్చీలోంచి ఇంద్రసేన తల తిప్పి చూశాడు. గురులింగప్ప "ఏంది బావా?" అన్నాడు. నేను చీర తల్లి ముందుకు జరిపాను. ఆమె కాసేపు చీర అటూ ఇటూ తిప్పింది, తర్వాత కొంది.

సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ అట్లాగే చెప్పాను. కొందరు కొన్నారు, కొందరు పోయారు. ఇందులో అర్థం వెతకాల్సింది ఏమీ లేదు. నిన్నటినుంచి జలుబుగా ఉంది. గొంతు పట్టేసింది, రెండో మాట రావడం లేదు. అంతే.